సాఫ్రన్‌బోలు ఇళ్లు చూశాక

టర్కీ వెళ్లే మనవాళ్లు ఎక్కువగా ఇస్తాంబుల్, కపడోకియా చూసి తిరిగొచ్చేస్తారు. వీలుంటే సాఫ్రన్‌బోలుకి కూడా వెళ్లండి. ఒట్టోమన్ కాలం నాటి ఇళ్లు వీధులకు వీధులే నిలిచి ఉన్న ఊరది. 1994లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

కింది అంతస్తుకి రాతి గోడలు. పైన చెక్క చట్రం కట్టి, సందుల్లో మట్టి ఇటుకలు పేర్చి, సున్నం పూస్తారు. పై అంతస్తు వీధి మీదికి ముందుకొచ్చి ఉంటుంది. కింద వీధి ఎంత వంకరగా పోయినా, ఆ ఏర్పాటు వల్ల పై గదులు చక్కగా చతురస్రంగా కుదురుతాయి.

నా మనసు దోచుకున్నది మాత్రం గది లోపలి అమరిక. కిటికీల కింద గోడ పొడవునా కూర్చోవడానికి దివాన్. రాత్రయితే గోడ అలమారలోంచి పరుపులు తీసి పరిచేవారు, అదే పడకగది. అదే అలమారలో ఇంకో తలుపు తీస్తే లోపల స్నానానికి చోటు! ఎంత పొందిక!

కొన్ని ఇళ్లలో గిర్రున తిరిగే అలమార కూడా ఉంటుంది. ఆడవాళ్లు అటువైపు వంటకాలు పెట్టి తిప్పితే, ఇటువైపు మగ అతిథులకు అందేవి. వడ్డించిన మనిషి ముఖం కనపడేది కాదు. ఆ వడ్రంగి పనితనానికి దండం పెట్టాలనిపించింది, అటువైపు నిలబడ్డ ఆడవాళ్లను తలుచుకుంటే బాధేసింది కూడా.

ఇప్పుడు చాలా ఇళ్లు హోటళ్లయ్యాయి. వెళ్తే అలాంటి ఇంట్లోనే దిగండి, అలమార తలుపులన్నీ తెరిచి చూడండి.