గురక పెట్టని కంప్యూటర్ కోసం

మా ఇంట్లో కంప్యూటర్ ఆగేది ఊరెళ్ళినప్పుడు మాత్రమే. పొద్దున్నే మెయిళ్ళు, పగలంతా పని, రాత్రికి ఏదో ఒక సినిమా, అందరూ పడుకున్నాక ఫోటోల బ్యాకప్. ఒకరోజు రాత్రి మా అబ్బాయి నీళ్ళు తాగడానికి లేచి, గదిలోకి తొంగిచూసి "నాన్నా, నీ కంప్యూటర్ గురక పెడుతోంది" అన్నాడు. వాడు నవ్వేసి వెళ్ళి పడుకున్నాడు. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఆ గదిలో ఇంకో చప్పుడు వినపడితే ఒట్టు.

మొదట అందరూ చేసే పనే నేనూ చేశాను, మంచి ఫ్యాన్లు కొన్నాను. మూడు. చప్పుడు తీరు మారింది గానీ తగ్గలేదు, అంతకుముందు గర్రుమనేది ఇప్పుడు హుష్షుమంటోంది. ఆ తర్వాత ప్లగ్‌కీ కంప్యూటర్‌కీ మధ్య పెట్టే చిన్న వాట్ మీటర్ ఒకటి తెచ్చాను. స్క్రీన్ మీద ఖాళీ డెస్క్‌టాప్ తప్ప ఏమీ లేదు, ఏ ప్రోగ్రామూ నడవట్లేదు, మీటర్ 68 వాట్లు చూపిస్తోంది. ఏ పనీ చేయకుండా 68 వాట్లు! లోపలికి వెళ్ళిన కరెంటంతా చివరికి వేడే అవుతుంది, ఆ వేడిని బయటికి తోయాల్సింది ఆ ఫ్యాన్లే. అంటే ఇన్నాళ్ళూ నేను రోగాన్ని వదిలేసి దగ్గుకి మందు వేస్తున్నానన్నమాట.

లెక్క కూడా వేశాను. ఏడాదికి 8,760 గంటలు, కాబట్టి ఏడాది పొడుగునా ఒక వాట్ కాలితే 8.76 యూనిట్లు. నా 68 వాట్లకి దాదాపు 596 యూనిట్లు, అదీ ఖాళీగా కూర్చోడానికే. పాత పెట్టెలో ఉన్న పెద్ద ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, రెండు హార్డ్ డిస్కులు, దుకాణం షోకేసులా వెలిగే లైట్లు... అందులో నేను నిజంగా వాడేది ఎంత? వారంలో ఓ గంట, అంతే. కొత్తది కట్టుకునేటప్పుడు ఒకటే నియమం పెట్టుకున్నాను. ప్రతి భాగాన్నీ అది పరిగెత్తేటప్పుడు ఎంత తింటుందని కాదు, పడుకున్నప్పుడు ఎంత తింటుందని చూసి ఎంచుకోవాలి. ఇంట్లో కంప్యూటర్ ఎక్కువసేపు చేసేది పడుకోవడమే కాబట్టి.

ఇక్కడ మొదటి తిరకాసు ప్రాసెసర్‌తోనే. పెట్టె మీద టీడీపీ (థర్మల్ డిజైన్ పవర్) అని ఒక అంకె ఉంటుంది, 65 వాట్లనో 125 వాట్లనో. దాన్ని చూసి ఇది తక్కువ తింటుంది, అది ఎక్కువ తింటుంది అనుకుంటాం. ఆ అంకె గట్టిగా పనిచేసేటప్పటి సంగతి, అదీ పూర్తి సంగతి కాదు. ఇంటెల్ ఐ3-12100నే తీసుకోండి, బేస్ పవర్ (టీడీపీకి ఇంటెల్ ఇప్పుడు వాడే పేరు) 60 వాట్లు, కాసేపు వేగం పెంచుకునే టర్బోలో 89 వరకూ వెళ్తుంది, ఏమీ చేయనప్పుడు మాత్రం కొద్ది వాట్లతో సరిపెట్టుకుంటుంది. అలాగే ఇంటెల్‌లో పేరు చివర 'టి' ఉన్న 35 వాట్ల రకాలున్నాయి కదా, వాటికోసం వెతికి వెతికి కొనేవాళ్ళని చూశాను. ఖాళీగా ఉన్నప్పుడు వాటికీ మామూలు వాటికీ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. పైకి వెళ్ళే హద్దు తక్కువ, అంతే. ఆ హద్దు మామూలు ప్రాసెసర్‌కి కూడా చాలా బోర్డుల బయాస్‌లో, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో, మనమే పెట్టుకోవచ్చు, పీఎల్1, పీఎల్2 అని రెండు అంకెలుంటాయి. పని త్వరగా ముగించి త్వరగా పడుకునే ప్రాసెసర్ చాలాసార్లు మొత్తం మీద తక్కువే తింటుంది, బద్ధకంగా సాగదీసేదానికంటే.

ఏఎండీ వైపు చూస్తే ఇంకో సంగతి తెలియాలి. రైజెన్ 5 5600ఎక్స్ లాంటివి చిప్లెట్ పద్ధతిలో చేసినవి, అంటే లెక్కలు చేసే కోర్లు ఒక ముక్క మీద, మెమరీని, పీసీఐ లేన్లను (కార్డులూ డిస్కులూ ప్రాసెసర్‌తో మాట్లాడే దారులు) చూసుకునే భాగం ఇంకో ముక్క మీద. ఆ రెండో ముక్క సరిగా నిద్రపోదు. అదే 5600జి అయితే అన్నీ ఒకే చిప్ మీద ఉంటాయి, ల్యాప్‌టాప్‌ల కోసం చేసిన డిజైన్‌లోంచి వచ్చింది. రెండిటి మీదా 65 వాట్లనే రాసి ఉంటుంది, ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం మీటర్ దగ్గర పది వాట్ల దాకా తేడా కనపడటం మామూలే. పెట్టె మీది అంకెలు చూసి ఎవరైనా కనిపెట్టగలరా చెప్పండి.

ఇంటెల్ ఎన్100 ఎందుకు తీసుకోలేదని అడుగుతారు. 2023 మొదట్లో వచ్చిన ఆ చిన్న చిప్ అంటే నాకు ఇష్టమే, టీడీపీ 6 వాట్లు, వీడియోలు చక్కగా నడుపుతుంది, సినిమాలకీ బ్రౌజింగ్‌కీ ఇంట్లో చిన్న సర్వర్‌కీ అంతకంటే అక్కర్లేదు. కానీ నాలుగూ చిన్న కోర్లే, మెమరీకి ఒకటే ఛానల్, పీసీఐ లేన్లు తొమ్మిదే. నేను అప్పుడప్పుడు వందల కొద్దీ రా ఫోటోలు (కెమెరా కుదించకుండా ఇచ్చే పెద్ద ఫైళ్ళు) తెరిచి కుస్తీ పడతాను, దానికి ఊపిరాడదు. అందుకే చివరికి 12100 దగ్గర ఆగాను. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, గ్రాఫిక్స్ లోపలే ఉంది, ఏవీ1 అనే కొత్త రకం వీడియోని కూడా హార్డ్‌వేర్‌లోనే తెరుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు తీసేశాను. ఆటలు ఆడేవాళ్ళకి ఈ సలహా పనికిరాదు, తెలుసు. ఆడనివాళ్ళు మాత్రం ఆ కార్డు ఖాళీగా ఉన్నా పది వాట్లో అంతకుమించో తింటూ, కొన్నిసార్లు తన ఫ్యాన్లు కూడా తిప్పుకుంటూ ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

మదర్‌బోర్డు విషయంలో నా రూలు, ఎంత బోడిగా ఉంటే అంత మంచిది. ప్రతి అదనపు కంట్రోలర్, ప్రతి అదనపు నెట్‌వర్క్ పోర్టు, ప్రతి లైటూ ఇరవై నాలుగు గంటలూ కొంచెం కొంచెం కొరుక్కుతింటాయి. ఏఎండీ ఎక్స్670 బోర్డుల మీద చిప్‌సెట్ (బోర్డు మీది పోర్టుల్ని చూసుకునే చిప్) ముక్కలు రెండుంటాయి, బీ650లో ఒకటే. ఆ రెండోది మీకు ఎందుకో చెప్పలేకపోతే అది మీకు అక్కర్లేదు.

అన్నీ బిగించి మీటర్ పెడితే 29 వాట్లు వచ్చింది. నేను 20 లోపు అనుకున్నాను. ఇక్కడే నాకు రెండు వారాలు పట్టింది, నేర్చుకున్నదంతా కూడా ఇక్కడే. ప్రాసెసర్ ఒక్కటే పడుకుంటే సరిపోదు, దాని చుట్టూ ఉన్నవన్నీ పడుకుంటేనే మొత్తం ప్యాకేజీ, అంటే చిప్ అంతా, గాఢనిద్రలోకి వెళ్తుంది. సీ2, సీ3, సీ6, సీ8 అని ఆ నిద్రకి మెట్లున్నాయి, అంకె పెరిగేకొద్దీ నిద్ర గాఢం. లైనక్స్‌లో పవర్‌టాప్ అనే ప్రోగ్రామ్ ఏ మెట్టు మీద ఎంతసేపు ఉందో చూపిస్తుంది. నాది సీ3 దాటట్లేదు. పసిపిల్లాడున్న ఇంట్లో లాగా, అందరూ పడుకున్నా ఒక్కడు ఏడుస్తుంటే ఇంకెవరికీ నిద్ర ఉండదు. ఆ ఒక్కడు ఎవడా అని ఒక్కోటీ పీకుతూ వచ్చాను. చివరికి తేలింది, పాత పెట్టెలోంచి తెచ్చి పెట్టిన సాటా కార్డు. మరో రెండు డిస్కులకి పనికొస్తుందని ఊరికే పెట్టాను, దానికి ఒక్క డిస్క్ కూడా తగిలించలేదు. అది తీసేయగానే 22. తర్వాత బయాస్‌లో ఏఎస్‌పీఎమ్ అనే సెట్టింగ్ ఆపేసి ఉంటే ఆన్ చేశాను, అది పీసీఐ లింకుల్ని ఖాళీ సమయంలో నిద్రపుచ్చుతుంది. ఆశ్చర్యం, చాలా బోర్డులు దాన్ని ఆపేసే పంపిస్తాయి. సీ8 కనపడింది, మీటర్ 17కి దిగింది. పైసా ఖర్చు లేకుండా 12 వాట్లు!

పవర్ సప్లై, అదే మనం ఎస్‌ఎంపీఎస్ అనేది, దీని దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఎందుకైనా మంచిదని 750 వాట్లది కొంటారు, మీద గోల్డ్ అని ముద్ర ఉంటే నిశ్చింత. 80 ప్లస్ ముద్రకి సామర్థ్యాన్ని కొలిచేది 20, 50, 100 శాతం లోడ్ దగ్గర. టైటానియం అనే పై ముద్రకి 10 శాతం దగ్గర కూడా చూస్తారు. 17 వాట్లు అంటే 750లో రెండు శాతం పైచిలుకు. అక్కడ దాని పనితనం ఎలా ఉంటుందో ఆ ముద్ర మనకేమీ చెప్పదు, మామూలుగా అయితే పడిపోతుంది. పెళ్ళి భోజనాల గుండిగలో ఇద్దరికి అన్నం వండినట్టు. నేను పాత ఎస్‌ఎంపీఎస్ పక్కన పెట్టేసి, బోర్డు కనెక్టర్‌కి నేరుగా గుచ్చుకునే చిన్న డీసీ కన్వర్టర్, దానికి బయట 12 వోల్టులు, 10 ఆంపియర్ల అడాప్టర్ పెట్టాను. అంటే మొత్తం 120 వాట్లే. అందుకే ప్రాసెసర్‌ని బయాస్‌లో 60 వాట్ల దగ్గర కట్టేశాను, ఎంత గట్టిగా పని చేయించినా మీటర్ 85 దాటలేదు. ఖాళీగా ఉన్నప్పుడు 14కి దిగింది, పైగా ఈ కన్వర్టర్‌లో తిరిగే ఫ్యాన్ కూడా ఉండదు. అయితే ఒక మాట, అడాప్టర్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు, నాసిరకం అడాప్టర్ వేడెక్కి చస్తే పోయేది అదొక్కటే కాదు. గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్ళు ఈ దారిలోకే రావద్దు, మంచి 400, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చూసుకోండి, తక్కువ లోడ్‌లో ఫ్యాన్ ఆగిపోయే రకం అయితే ఇంకా మేలు.

ఇక ఫ్యాన్ల సంగతి. ఇంత పని అయ్యాక ఫ్యాన్ కొనడం ఎంత తేలికైపోయిందంటే, పెద్దగా ఆలోచించలేదు కూడా. వేగం సగానికి తగ్గిస్తే గాలి సగం అవుతుంది, కానీ చప్పుడు సుమారు 15 డెసిబెల్‌లు పడిపోతుంది. పది డెసిబెల్‌లు తగ్గితేనే మన చెవికి సగమైనట్టు ఉంటుంది, కాబట్టి ఇది పెద్ద లాభం. అందుకే పెద్ద ఫ్యాన్‌ని మెల్లగా తిప్పాలి. ప్రాసెసర్‌తో వచ్చిన చిన్న కూలర్ తీసేసి టవర్ కూలర్ పెట్టాను, వెనక ఒక 140 మిల్లీమీటర్ల ఫ్యాన్. రెండూ నిమిషానికి 500 చుట్ల దగ్గర తిరుగుతాయి.

కానీ కొత్త ఫ్యాన్లతో కూడా మొదటి రోజు చిరాకే. బ్రౌజర్‌లో ఒక పేజీ తెరవగానే ప్రాసెసర్ ఒక్క క్షణం 65 డిగ్రీలకు ఎగిరేది, ఫ్యాన్ రయ్యిమని లేచేది, మళ్ళీ పడుకునేది. ఒకే తీరున ఉండే చప్పుడుని చెవి మర్చిపోతుంది గానీ లేచి పడే చప్పుడుని మర్చిపోదు, అసలు ఆ గురక రహస్యం కూడా ఇదే. బయాస్‌లో 70 డిగ్రీల దాకా ఫ్యాన్ కదలకుండా ఒకే వేగంలో ఉండేలా గీత చదునుగా పెట్టి, వేగం మారడానికి ముందు కొన్ని సెకన్లు ఆగేలా సెట్ చేశాను. 70 డిగ్రీలు అంటే టెన్షన్ పడకండి, ఇంటెల్ ఈ చిప్‌కి పెట్టిన హద్దు 100. చల్లగా ఉంచాలని తాపత్రయపడటం మనుషుల జబ్బు, సిలికాన్‌కి ఆ పట్టింపు లేదు.

అసలు ఫ్యానే లేకుండా కట్టొచ్చు కదా అంటే, కట్టొచ్చు. స్ట్రీకామ్ వాళ్ళ క్యాబినెట్లలో ఒళ్ళంతా హీట్‌సింకే, నాక్చువా 2021లో ఎన్‌హెచ్-పీ1 అని ఫ్యాన్ లేని పెద్ద కూలర్ కూడా తెచ్చింది. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. నేను అటు వెళ్ళలేదు, ఎందుకంటే గాలి అస్సలు కదలకపోతే ప్రాసెసర్ కంటే ముందు ఎస్‌ఎస్‌డీ, బోర్డు మీది వోల్టేజ్ భాగాలు ఉడుకుతాయి. 500 చుట్ల ఫ్యాన్ ఒక్కటి ఉంటే ఆ బెంగ ఉండదు, అది మీటరు దూరంలో నాకు వినపడదు కూడా.

హార్డ్ డిస్క్ ఉంటే మాత్రం పైన చెప్పినదంతా బూడిదలో పోసిన పన్నీరే. నిమిషానికి 7,200 చుట్లు అంటే సెకనుకి 120, ఆ 120 హెర్ట్‌జ్ గుంయ్‌మనే మోత క్యాబినెట్ రేకులోకి, అక్కడి నుంచి టేబుల్‌లోకి, టేబుల్ నుంచి మోచేతుల్లోకి కూడా వస్తుంది. రబ్బరు బిళ్ళలు పెడితే తగ్గుతుంది, పోదు. నా రెండు డిస్కుల్నీ తీసి వేరే గదిలో నెట్‌వర్క్‌కి తగిలించి, రాత్రి బ్యాకప్ వేళకి మాత్రమే లేచేలా పెట్టాను. కంప్యూటర్‌లో ఉన్నది బోర్డుకే గుచ్చే ఒక మామూలు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. పీసీఐ 5.0 ఎస్‌ఎస్‌డీలు ఇంత వేగం, అంత వేగం అని ఊరిస్తాయి గానీ, వేడి కూడా అదే జోరుగా పుట్టిస్తాయి.

క్యాబినెట్‌కి లోపల స్పాంజి అతికించి తలుపు బిగించినవి "సైలెంట్" పేరుతో అమ్ముతారు. ముందు వైపు మూసేస్తే గాలి దూరదు, గాలి దూరకపోతే ఫ్యాన్ వేగం పెరుగుతుంది, అప్పుడా స్పాంజి చేసేది ఏముంది? జల్లెడలా ఉండే మామూలు క్యాబినెట్ తెచ్చుకున్నాను. ర్యామ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు, రెండు 8 జీబీ కర్రలు, వేగం పెంచే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ పెట్టకుండా మామూలు వేగంలో.

అంతా నిశ్శబ్దమయ్యాక కొత్త అతిథి బయటపడింది. బ్రౌజర్‌లో పేజీని వేగంగా జరిపితే బోర్డులోంచి కీచురాయిలా సన్నటి చప్పుడు. కాయిల్ వైన్ అంటారు, కరెంటు హెచ్చుతగ్గులకి బోర్డు మీది కాయిల్స్ సన్నగా వణకడం. పాత పెట్టెలోనూ ఉండే ఉంటుంది, ఆ హోరులో ఎవరికి వినపడాలి. ముఖం బోర్డుకి ఆనిస్తే తప్ప వినపడదని ఇంట్లోవాళ్ళు అంటున్నారు, నాకు మాత్రం వినపడుతుంది. క్యాబినెట్‌ని టేబుల్‌కి అవతలి వైపు తిప్పి పెట్టాను, వదిలేశాను.

మొన్న ఆదివారం ఏమీ తోచక మీటర్‌ని తీసి మానిటర్ ప్లగ్‌కి పెట్టాను. 31 వాట్లు. కంప్యూటర్ మొత్తం తినేదానికి రెట్టింపు! బ్రైట్‌నెస్ 90 నుంచి 40కి తగ్గిస్తే 19 అయింది, కళ్ళకీ హాయిగానే ఉంది. ఇప్పుడు మీటర్ రౌటర్ దగ్గర ఉంది.