తీసేసే కోడ్‌కు టెస్టులు ఎందుకంటే

బరంపురంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటే కాకినాడలోని మా బంధువులు ఇప్పటికీ నమ్మరు. హైదరాబాదో బెంగళూరో వెళ్లక ఒడిశాలో ఏం పని అంటారు. ఇక్కడ పనికి కొదవ లేదు. పట్టుచీరల దుకాణాలకు, మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న సంస్థ మాది. ఆఫీసులో ఒడియా, దుకాణాల్లో చాలాచోట్ల తెలుగు. ఇచ్ఛాపురం వ్యాపారులు సరుకు కోసం ఇక్కడికే వస్తారు కాబట్టి ప్రతి దుకాణంలోనూ రెండు రాష్ట్రాల బిల్లులు పడతాయి.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక ఈ దుకాణాలకు వ్యాట్‌తోనూ, కేంద్ర అమ్మకపు పన్నుతోనూ పని లేకుండా పోయింది. మా సాఫ్ట్‌వేర్‌లో సీ-ఫారం (వేరే రాష్ట్రపు వ్యాపారికి తక్కువ కేంద్ర అమ్మకపు పన్నుతో అమ్మడానికి వాడిన పత్రం) తెర మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని తీసేద్దామనుకుని, ముందు టెస్టులు (కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే చిన్న ప్రోగ్రాములు) రాయమన్నప్పుడు, ఇచ్ఛాపురం నుంచి రోజూ రైల్లో వచ్చే మా జట్టులోని అమ్మాయి అడిగింది: “పోయేదానికి టెస్టులు ఎందుకండీ? ఫైళ్లతో పాటు వాటి పాత టెస్టులూ తీసేస్తే సరిపోదా?”

పాత టెస్టులు పోవాల్సిందే. సీ-ఫారం తెర ఇప్పుడు లేదని రుజువు చేసే కొత్త టెస్టు కూడా దండగే. లేనివాటి జాబితాకు అంతు ఉండదు. నేను టెస్టులు రాయమనేది మిగిలేదాని కోసం.

కోడ్ విప్పి చూశాం. కొనేవారిది ఏ రాష్ట్రమో తేల్చే ఫంక్షన్ (ఒక పని చేసే కోడ్ ముక్క) సీ-ఫారం ఫోల్డర్‌లోనే ఉంది. జీఎస్టీ బిల్లు కూడా దాన్నే పిలుస్తోంది. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు 21 అయితే ఒడిశా, 37 అయితే ఆంధ్రప్రదేశ్. ఆ ఫంక్షన్ దొరక్కపోతే కొనేవారిది ఒడిశానే అనుకొమ్మని ఎప్పుడో ఎవరో రాసిపెట్టారు. ఫోల్డర్ తీసేస్తే ఏ ఎర్రర్ రాదు, ఇచ్ఛాపురం బిల్లులన్నీ చడీచప్పుడు లేకుండా తప్పుడు పన్నుతో అచ్చవుతాయి. అందుకే ముందు టెస్టు రాశాం: పదివేల పట్టుచీరకు 5 శాతం చొప్పున, ఒడిశా కొనుగోలుదారుకు సీజీఎస్టీ (కేంద్రం వాటా) 250, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 250, ఆంధ్ర కొనుగోలుదారుకు ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే అమ్మకాలపై పన్ను) 500. కోడ్ తీయకముందు పాసైన టెస్టు తీశాకా పాసవ్వాలి.

రెండో టెస్టు ఒక చీరల దుకాణంలో లెక్కలు చూసే పెద్దాయన పుణ్యం. “తెర తీసేయండి బాబూ, నాకేం ఇబ్బంది లేదు. పాత బిల్లు మాత్రం పాత పన్నుతోనే కనబడాలి. వ్యాట్ కేసు ఇంకా నడుస్తోంది” అన్నారు. 2016 నాటి బిల్లు తెరిచి, పన్ను అంకె మారలేదని చూసే టెస్టు అలా వచ్చింది. ఆఫీసులో కూర్చుంటే ఇది మాకు తట్టేది కాదు.

లేదని చూసే టెస్టు ఒక్కచోట మాత్రం పెట్టించాను. పాత మొబైల్ యాప్ ఆర్డర్లు పంపే చిరునామా మూసేశాం. అక్కడికి ఏది వచ్చినా ‘శాశ్వతంగా తీసేశాం’ అని చెప్పే 410 జవాబే వెళ్లాలి. పొరపాటున ఆ దారి మళ్లీ తెరుచుకుంటే దుకాణదారుకు తెలియకుండా ఆర్డర్లు పడతాయి.

ఇంత శ్రమ ఎందుకు, వాడని కోడ్‌ను అలాగే వదిలేద్దామన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లకు అమెరికాలోని షేర్ల వ్యాపార సంస్థ నైట్ క్యాపిటల్ ఉదంతం చెప్పాను. షేర్ల ఆర్డర్లు పంపే ‘పవర్ పెగ్’ అనే కోడ్ వాడకం 2003లో మానేసినా, ఆ సంస్థ దాన్ని తొలగించలేదు. 2005లో దాని పక్క కోడ్‌ను మార్చినప్పుడు పవర్ పెగ్‌ను మళ్లీ పరీక్షించలేదు. 2012 ఆగస్టు 1న, పవర్ పెగ్‌ను ఆన్ చేసే పాత ఫ్లాగ్‌ను (స్విచ్ లాంటి గుర్తు) కొత్త పనికి వాడారు. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరలేదు. అక్కడ పవర్ పెగ్ లేచి కూర్చుంది. ముప్పావుగంటలో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం.

ఇప్పుడు వ్యాట్ రిపోర్టుల వంతు. ఆ పని మా ఇచ్ఛాపురం అమ్మాయే తీసుకుంది. కోడ్ ఇంకా తెరవలేదు. ముందు దుకాణాలకు ఫోన్లు చేసి, ఆ రిపోర్టులను ఎవరు ఏ అవసరానికి చూస్తున్నారో తెలుగులోనూ ఒడియాలోనూ అడిగి రాసుకుంటోంది.