అందరికీ దారిచ్చే మనిషి

లైటు ఆర్పేసి పడుకున్నదాన్ని మళ్లీ లేచి వచ్చి కూర్చున్నాను. కారణం పెద్దదేం కాదు. రాత్రి భోజనాల దగ్గర బుజ్జిగాడు వాళ్ల నాన్నతో "అమ్మ డ్రైవ్ చేస్తే అందరూ మనల్ని దాటేస్తారు నాన్నా" అన్నాడు. మావారు పప్పులో నెయ్యి వేసుకుంటూ, తల కూడా ఎత్తకుండా, "మీ అమ్మది దానగుణంరా, నాష్‌విల్ మొత్తానికి దారిస్తుంది" అన్నారు. అత్తయ్యగారు కూడా నవ్వారు. ఆవిడ నవ్వడమే ఎక్కువ గుచ్చుకుంది. మొన్న గుడి నుంచి వస్తూ "నీ డ్రైవింగే నయమమ్మా, వాడి కారెక్కితే కడుపులో తిప్పుతుంది" అన్నది ఈవిడే కదా!

పొద్దున వాడిని పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఇక్కడ అమెరికాలో, టెనెసీలోని మర్‌ఫ్రీస్‌బరోలో, ఆ టైముకి నాష్‌విల్ వైపు పోయే ఐ-24 హైవే ఎక్కితే ఎలా ఉంటుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, నేను ఆ రోడ్డుని తిట్టని నెల లేదు. స్మర్నా దాకా ఫర్వాలేదు. తర్వాత మొదలు: ఆగు, కదులు, ఆగు, కదులు. తీరా ముందుకెళ్లి చూస్తే యాక్సిడెంటూ ఉండదు, రోడ్డు పనీ ఉండదు. ఎందుకు ఆగామో, ఎందుకు కదిలామో దేవుడికే తెలియాలి.

అలాంటప్పుడు నేను ముందు కారుకి కాస్త ఎడంగా ఉండి, వీలైనంత వరకు బ్రేకు తొక్కకుండా, ఒకే వేగంతో మెల్లగా పోనిస్తాను. ముందువాడు ఆగి మళ్లీ కదిలేలోపు నేను తాపీగా అక్కడికి చేరతాను. నేను ఆగను, నా వెనకవాళ్లూ ఆగక్కర్లేదు. ఇంతే నేను చేసేది. దానికి దక్కే గౌరవం ఏమిటంటే, ఇవాళ ఒక నల్ల పికప్ ట్రక్కు నా బంపరుకి అతుక్కుని వచ్చింది. పెళ్లి భోజనాల్లో మనం ఇంకా పెరుగన్నం కలుపుకుంటుంటేనే కుర్చీ వెనక వచ్చి నిలబడతారే, అచ్చం అలా. అద్దంలో దాని గ్రిల్ తప్ప ఏమీ కనబడదు. లైట్లు రెండుసార్లు కొట్టాడు. పక్క లేన్‌లోకి పోయి, నన్ను దాటి, ఇండికేటరైనా వేయకుండా నా ముందున్న ఖాళీలో దూరాడు. దూరినవాడు పోతాడా అంటే, వెంటనే బ్రేకు! పోవడానికి చోటెక్కడుంది అక్కడ? నేను మళ్లీ మెల్లగా వెనక్కి తగ్గి ఖాళీ చేసుకున్నాను. ఈలోపు ఇంకొకడు. వెనక సీట్లోంచి బుజ్జిగాడి కామెంటరీ ఒకటి, "అమ్మా, ఇంకో కారొచ్చింది" అని. వాడికి అది ఓడిపోతున్న క్రికెట్ మ్యాచ్‌లా ఉన్నట్టుంది.

భోజనాల దగ్గర లెక్క చెప్పబోయాను. ఒక కారు నా ముందు దూరితే నాకు పోయేది ఎంత? ఆ కారు రోడ్డు మీద తీసుకునే చోటు, అంటే మహా అయితే రెండు సెకన్లు. ఇరవై మంది దూరినా నలభై సెకన్లు. మన వీధి చివర సిగ్నల్ ఒక్కసారి తప్పితే అంతకంటే ఎక్కువ పోతుంది. మావారు అంతా విని, "అది లెక్క కాదు, మానం" అన్నారు. సరదాకే అన్నారనుకోండి. నిజం కూడా అదే. రెండు సెకన్ల కోసం ఎవడూ గుండెలు బాదుకోడు, వాడెవడో నన్ను దాటాడన్నదే బాధ.

నేను చేసేది నా సొంత తెలివేం కాదు. 2008లో జపాన్ వాళ్లు ఒక ప్రయోగం ప్రచురించారు. 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న గుండ్రటి దారిలో 22 కార్లు పెట్టి, అందరినీ గంటకి ముప్పై కిలోమీటర్ల వేగంతో తిరగమన్నారు. సిగ్నల్ లేదు, కూడలి లేదు, అడ్డొచ్చే గేదె లేదు. కాసేపటికి దానంతటదే జామ్ పుట్టింది. కార్లు ముందుకి పోతుంటే ఆ జామ్ మాత్రం అలలాగా వెనక్కి నడిచింది. ముందువాడు కొంచెం తగ్గితే వెనకవాడు భయపడి ఇంకొంచెం ఎక్కువ తగ్గుతాడు, వాడి వెనకవాడు ఇంకా ఎక్కువ. చివరికి ఎవడో ఒకడు పూర్తిగా ఆగాల్సిందే. వాడిని అడిగితే, పాపం, వాడికేం తెలుసు.

తర్వాత ఆరిజోనాలో, టూసాన్‌లో, అలాంటి గుండ్రటి దారిలోనే 20కి పైగా కార్లు పెట్టి, ఒక్క కారు వేగాన్ని మాత్రం కంప్యూటరుకి అప్పగించారు. ఆ ఒక్కటి కుదురుగా నడిస్తే చాలు, అల చచ్చిపోయింది. అన్ని కార్లకీ కలిపి పెట్రోలు 40 శాతం దాకా తగ్గింది. 2022 నవంబరులో అయితే ఏకంగా మన ఐ-24 మీదికే వచ్చారు, పొద్దున రద్దీలో వంద కార్లతో. ఎక్కువ నిస్సాన్ రోగ్‌లు, కొన్ని టొయోటాలు, కాడిలాక్‌లు. స్టీరింగ్ మనుషులదే, వేగం సంగతి మాత్రం కంప్యూటరు చూసుకుంది. యాంటియాక్ దగ్గర ఎత్తు స్తంభాల మీద వరసగా కనిపించే కెమెరాలు ఉన్నాయి చూడండి, అవి ఇలాంటి పరిశోధన కోసం పెట్టినవే. మేం అప్పటికే ఇక్కడున్నాం. ఆ వారంలో మావారు ఏదో ఒక నిస్సాన్ రోగ్‌ని విసుక్కుంటూ దాటేసి ఉంటారని నా గట్టి నమ్మకం.

ఇదంతా తలుచుకుంటుంటే పెదనాన్న గుర్తొచ్చాడు. అక్క పెళ్లి చీరలకి కొవ్వూరు నుంచి రాజమండ్రి బయల్దేరాం, పెదనాన్న అంబాసిడర్‌లో, ముందు ముగ్గురు, వెనక ఐదుగురు. రోడ్డు పైన, రైలు కింద ఉండే ఆ వంతెన ఎక్కే ఎత్తులోనే మా ముందు వరిగడ్డి ట్రాక్టరు తగిలింది. లోడు ఎంతంటే ట్రాక్టరు కనబడదు, గడ్డిమేటే నడిచి వెళ్తున్నట్టుంది. అద్దాలు దించుకుని కూర్చున్నామేమో, గాలికి గడ్డిపరకలన్నీ మా మీదే. అమ్మ కొంగు మొహానికి కప్పేసుకుంది. ముందు సీట్లో పెద్దమ్మ ఒక్కో పరకా ఏరి బయటికి విసిరేది, అది గాలికి వెనక కిటికీలోంచి లోపలికొచ్చి మా జడల్లో ఇరుక్కునేది. అయినా ఆవిడ విసరడం మానలేదు, మేం చెప్పడమూ మానలేదు.

పెదనాన్న ట్రాక్టరుకి బాగా వెనకగా, స్టీరింగ్ పక్కనుండే ఆ గేరు సెకండ్‌లో వేసి, అదే నడక. వెనక ఒక బస్సు హారన్ మీంచి చెయ్యి తియ్యడే! పెదనాన్న తల బయటపెట్టి "ఎక్కడికిరా, గోదాట్లోకా?" అని ఒక్క అరుపు అరిచి మళ్లీ తల లోపల పెట్టుకున్నాడు. కింద రైలు పోతుంటే వంతెన అంతా సన్నగా అదిరింది, మా చెల్లి ఏడుపు అందుకుంది. "అంత ఖాళీ దేనికండీ, కొంచెం ముందుకి పోనివ్వచ్చుగా" అంది పెద్దమ్మ. "ఎత్తులో ఆగితే ఇది నిలబడదే. హ్యాండు బ్రేకు పట్టదు" అన్నాడు. అసలు సంగతి అదీ! వెనకవాళ్ల మీద ప్రేమా కాదు, ట్రాఫిక్ జ్ఞానమూ కాదు. ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా ట్రాక్టరు దాదాపు ఆగిపోయేది. మేం ఆగలేదు. మమ్మల్ని తిట్టుకుంటూ వచ్చిన ఆ బస్సూ ఆగలేదు, ఆగే అవసరం దానికి రాలేదు. ఆ డ్రైవరు ఆ పూట ఎన్ని గేర్లు మార్చే బాధ తప్పించుకున్నాడో వాడికి తెలియను కూడా తెలియదు. చీరల కొట్లో అమ్మ వీపు మీంచి కూడా గడ్డిపరక తీశాం.

ఇక్కడిదాకా రాసి, నా వాదన గెలిచిందని ముగించేద్దామనుకున్నాను. కానీ ఆ వంతెనే అడ్డం పడింది. దాని మీద బస్సు మమ్మల్ని దాటలేదు, దాటే చోటు లేదు. జపాన్‌లో గుండ్రటి దారీ అంతే, టూసాన్‌లోదీ అంతే, ఒకటే వరస. దాటే వీల్లేనప్పుడు ఒక్క నిదానస్తుడు వెనకున్న అందరినీ దారిలో పెడతాడు. ఐ-24 అలా కాదే, పక్కన ఇంకా లేన్లున్నాయి. నా ముందు ఖాళీ చూసి పక్క లేన్‌లోంచి ఒకడు గభాల్న దూరితే నేను తగ్గాలి, నా వెనకవాడు తగ్గాలి. నేను చంపిన అలకి బదులు ఇంకోటి అక్కడే పుట్టొచ్చు. అంటే మావారు అన్నదాంట్లో సగమైనా నిజముందా? ఆయనకి మాత్రం చెప్పను.

ఆ వంద కార్లకి పాఠం నేర్పినప్పుడు కూడా ఇది చూసుకున్నారట. ఖాళీ మరీ తక్కువ కాకుండా ఒక హద్దు, మరీ ఎక్కువ కాకుండా ఇంకో హద్దు పెట్టారు. పైగా తన వెనక వచ్చే మనుషుల కార్లు ఎక్కువ పెట్రోలు తాగితే ఈ కారుకి మార్కులు తగ్గిస్తారు. ఆ పద్ధతి డ్రైవింగ్ టెస్టులో పెడితే మా ఇంట్లో ఒకరికి లైసెన్సు ఉండదు. ఇంకో తేడా, ఆ కార్లకి ముందు ఎక్కడ ట్రాఫిక్ నెమ్మదించిందో కబురు అందేది. నాకు కనిపించేది ముందు కారు బంపరు, దాని మీద అంటించిన ఎవరి పిల్లదో హానర్ స్టూడెంట్ స్టిక్కరు.

మనుషులకి ఆ కబురు అందించే ఏర్పాటూ ఉంది మరి. రోడ్డుకి అడ్డంగా పైన కట్టిన బోర్డులు, ముందు జామ్ ఉంటే వేగం తగ్గించమని అంకె మారుస్తాయి. ఉత్తుత్తి సలహా కాదు, స్పీడ్ లిమిటే. ఇవాళ పైన 45 అని వెలుగుతుంటే కింద నేను 45లో పోతున్నాను, లోకమంతా నా రెండు పక్కల నుంచీ పోతోంది. ఇన్ని కోట్లు పోసి కట్టారు, దానికి నేనొక్కదాన్నే ప్రేక్షకురాలిని!

అందుకే ఒకప్పుడు, స్టీరింగ్ కూడా యంత్రానికే ఇచ్చేస్తే పీడా పోతుంది అనుకునేదాన్ని. దానికి రోషం ఉండదు, బుజ్జిగాడి కామెంటరీ వినబడదు. ఇప్పుడు అంత తేలిగ్గా అనిపించట్లేదు. డ్రైవరు లేకుండా తిరిగే వేమో కార్లు నాష్‌విల్‌కీ తెస్తామని 2025లో ప్రకటించారు. రోషం లేని కారని జనానికి తెలిసిపోయాక ఊరుకుంటారా? నేనైతే తిరిగి హారన్ కొడతానేమోనన్న అనుమానం కాస్తయినా వాళ్లకి ఉంటుంది, దాని ముందు నిశ్చింతగా దూరిపోతారు. అన్నీ అవే అయితే గొడవ లేదు. సగం అవి, సగం ఆ నల్ల పికప్‌లు అయితేనే చూడాలి తమాషా.

మావారి ధీమా ఇంకోటి, "నా కారే అన్నీ చూసుకుంటుంది" అని. ముందు కారుని బట్టి వేగం సర్దుకునే క్రూజ్ ఉంది కదా, ఆ వంద కార్లలోదీ ఇదీ ఒకటే అంటారు. ఒకటి కాదు. 2018 మోడల్ కార్లు ఏడు రకాలు తెచ్చి, కంపెనీ ఇచ్చిన క్రూజ్‌లనే పరీక్షిస్తే, ఏడూ అలని పెంచేవిగానే తేలాయి. ముందువాడు కొంచెం తగ్గితే ఇవీ మనలాగే కంగారుపడి ఎక్కువ తగ్గుతాయి. ఈ ముక్క చెప్పేసరికి ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచారు.

రేపు నా కారు సర్వీసుకి ఇవ్వాలి, ఆఫీసుకి ఇద్దరం ఆయన కారులోనే. ఆ క్రూజ్‌లో ముందు కారుకి ఎంత ఎడం ఉండాలో గీతలు చూపిస్తుంది, ఆయన ఎప్పుడూ ఒక్క గీత మీదే పెడతారు. రెండు పెట్టమని అడుగుతాను. మూడంటే ఎలాగూ ఒప్పుకోరు, ఇంత రాశాక మూడని గట్టిగా అడగడానికి నాకూ నోరు రావట్లేదు.