మల్టిపుల్ స్క్లెరోసిస్ తిరగబెట్టాక నా భోజనం

మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో శరీర రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాములలోని నరాలకు తొడుగులా ఉండే మైలిన్‌ను దెబ్బతీస్తుంది. ఆ దెబ్బ భోజనం దాకా వస్తుందని వ్యాధి తిరగబెట్టినప్పుడే నాకు తెలిసింది. చెంచా నోటిదాకా వచ్చేలోపే చేయి వణికి సగం ఒలికిపోయేది, నీళ్లు తాగితే పొలమారేది, వంట ముగిసేసరికి తినే ఓపిక ఉండేది కాదు. స్టిరాయిడ్ చికిత్సతో చేతిపట్టు చాలావరకు తిరిగివచ్చింది గానీ, అప్పటికే బాగా చిక్కిపోయాను.

ఫలానా పథ్యంతో ఈ జబ్బు నయమవుతుందని చెప్పేవారికి కొదవ లేదు. కొవ్వు బాగా తగ్గించమనే స్వాంక్ పథ్యం 1950ల నాటికే ఉంది; పాలు, గోధుమలు మానేయమనేవారూ ఉన్నారు. వీటిలో ఏదీ వ్యాధిని నయం చేస్తుందని రుజువు కాలేదు. పోషకాహార నిపుణురాలు మాత్రం ఏం తింటున్నానని అడగడానికి ముందు, రోజులో ఏ వేళ ఓపిక ఎక్కువగా ఉంటుందని అడిగారు. ఆ ప్రశ్నతోనే నాకు దారి దొరికిందని ఇప్పటికీ అనుకుంటాను. ఉదయమే కూర్చుని కూరగాయలు తరిగి, రెండు పూటలకు సరిపడా వండి, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మొదలుపెట్టాను. బరువైన పిడి ఉన్న చెంచా, అంచు ఎత్తుగా ఉన్న పళ్లెం వణుకుకు బాగా పనికొచ్చాయి. మింగడాన్ని పరీక్షించిన థెరపిస్టు, నిటారుగా కూర్చుని గడ్డం కొద్దిగా కిందికి వంచి మింగమన్నారు. ఈ పద్ధతి అందరికీ సరిపడదు కనుక పరీక్ష లేకుండా అనుసరించకూడదు.

నీళ్ల సంగతి మరీ చిక్కు. మూత్రం ఆపుకోలేమన్న భయంతో ఈ జబ్బు ఉన్న మనలో చాలామంది నీళ్లు తగ్గించేస్తారు. దానివల్ల మలబద్ధకం ముదురుతుంది, మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని మరింత చికాకుపెడుతుంది, ఇన్ఫెక్షన్లకూ అవకాశం పెరుగుతుంది. నీళ్లు చాలకుండా పీచు పదార్థాలు పెంచినా ఫలితం తిరగబడుతుంది. అందుకే పగలంతా కొద్దికొద్దిగా తాగి, నిద్రకు ముందు మాత్రం తగ్గిస్తాను.

విటమిన్ డి మాత్రలు రక్తపరీక్ష చూశాకే, డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకుంటున్నాను. అతిగా వాడితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

పోయిన బరువు తిరిగివచ్చింది. ఒళ్లు వేడెక్కిన రోజున వణుకు మళ్లీ కనిపిస్తుంది కాబట్టి, అలాంటి రోజుల్లో పొయ్యి వెలిగించకుండా ముందే వండి ఉంచినది తింటాను.