పంచాయతీ డబ్బుతో వైఫై: మంజూరు కోసం నేను పడ్డ పాట్లు

ఎట్టకేలకు వచ్చింది. మా ఊరి గ్రంథాలయం గదిలో నిన్నటి నుంచి వైఫై పనిచేస్తా ఉంది. మంట చల్లారకముందే రాస్తున్నా.

మాది ఉదయగిరి వైపు మెట్ట పల్లె. కొండ అడ్డం, ఇళ్లలో సిగ్నల్ అందదు. డీఎస్సీకి చదివే ఆడపిల్లలు మాక్ టెస్టు రాయాలంటే ఎండలో మిద్దెక్కాల్సిందే. వార్డు మెంబరుగా గ్రామసభలో నేనే అడిగా. తీర్మానం ఒక్క పూటలో అయిపోయింది.

దాన్ని పట్టుకొని పై ఆఫీసుకి పోయా. కాగితం చూడకముందే ఆ సారు, "ఏమ్మా, మీ ఆయన రాలేదా?" అన్నాడు. "మెంబర్ని నేనే సార్" అన్నా. ఎదురుగా ఉన్న కుర్చీలో ఆయన అన్నం సంచి. అది తీయలా, నన్ను కూర్చోమనలా. "ఇంటర్నెట్టుకి పద్దు యాడుంది? పిల్లోళ్లు సినిమాలు చూసేదానికా పంచాయతీ డబ్బు? ముందు కాలవలు తీపిచ్చుకోండి పోండి" అని కాగితం నా వైపు నెట్టాడు. వెనక గుమాస్తాలు నవ్వారు. బస్సులో వస్తుంటే కళ్లలో నీళ్లు ఆగలా.

రాత్రుళ్లు కూర్చొని నిబంధనలన్నీ చదివి మళ్లీ పోయా. ఈసారి సంచి నేనే తీసి పక్కన పెట్టి కూర్చున్నా. "సార్, కేంద్రం పంచాయతీలకిచ్చే 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి. కాలవలు దాంట్లోనే తీపిస్తున్నాం. మిగతా 40 శాతం జీతాలకి, ఆఫీసు ఖర్చులకి తప్ప రాజ్యాంగం 11వ షెడ్యూల్లో పంచాయతీలకి రాసిచ్చిన 29 అంశాల్లో ఊరికి ఏది అవసరమైతే దానికి వాడుకోవచ్చు. అందులో గ్రంథాలయం ఉంది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం" అన్నా. గుమాస్తాలు ఈసారి నవ్వలేదు. ఆయన తలెత్తకుండా సంతకం పెట్టాడు.

వీధిలైటు బిల్లు పంచాయతీ కడితే ఎవరూ ఎందుకని అడగరు. పిల్లల చదువుకి నెట్ పెడితే దుబారా అంటారు! ప్రైవేటు కంపెనీలు లాభం లేదని మా కొండ కిందికి రాలేదు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీద తీగ లాగబట్టే మాకిప్పుడు కనెక్షన్ దొరికింది. సర్కారు పూనుకోకుంటే పల్లెలకి ఏదీ రాదు.

మీరూ పెట్టించుకోవాలంటే సర్పంచి భర్తతో మాట్లాడి ఊరుకోబాకండి, గ్రామసభలోనే రాయించండి. బాక్సు ఖరీదుతో పాటు నెలనెలా బిల్లు ఎవరు కట్టాలో కూడా ఆ తీర్మానంలోనే ఉండాలి. లేకుంటే రెండో నెలకే తీగ పీకేస్తారు.