ఎలుకతోకలు

పదకొండు దాటింది. సబ్బుతో మూడుసార్లు రుద్దినా గోళ్ల సందుల్లో ఎరుపు వదల్లేదు. ఎరుపుదేముంది, రేపటికి పోతుంది. అత్తయ్య మౌనమే నిద్ర పట్టనివ్వడం లేదు.

పొద్దున బీట్‌రూట్ తవ్వాను. విత్తి ఎనభై రోజులు. పైన ఆకులు చూస్తే ఎర్రటి ఈనెలతో నిగనిగలాడుతున్నాయి. కింద? పద్నాలుగు మొక్కలకి దుంప అనదగ్గవి రెండు. మిగతావి ఎలుకతోకలు. ఒకటైతే రెండుగా చీలి, కాలు మీద కాలేసుకుని కూర్చున్న మనిషిలా ఉంది. ఆయన దాన్ని ఫోటో తీసి చుట్టాలందరికీ పంపారు. రెండున్నర నెలల నీళ్లు, కలుపు, నడుంనొప్పి, చివరికి వాళ్ల నవ్వుబొమ్మలు.

ముందు విత్తనాలు అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను. తర్వాత ఎరువుని. నత్రజని ఎక్కువైతే ఆకు ఏపుగా పెరిగి దుంప ఊరదు, పశువుల ఎరువు దోసిళ్లకొద్దీ పోసిందీ నేనే. కానీ అసలు తప్పు ఎక్కడుందో నాకు తెలుసు, అత్తయ్యకీ తెలుసు. బీట్‌రూట్ విత్తనమని మనం నాటేది రెండు మూడు గింజలు అతుక్కుపోయిన గరుకు ఉండ. గుంటకి ఒకటే వేసినా గుంపుగా మొలుస్తాయి. బలంగా ఉన్న ఒక్కదాన్నే ఉంచి మిగతావి తీసెయ్యాలి, మొక్కకీ మొక్కకీ బెత్తెడు ఎడం ఉండాలి. “పీకెయ్యమ్మా, జాలిపడ్డావో అన్నీ పోతాయి” అని ఆవిడ ఒక్కసారే అన్నారు. ఆకంటే ఆకు కూడా కాని ఆ ఎర్రకాడల్ని పీకడానికి నాకు చేతులు రాలేదు. పీకిన నాలుగింటినీ తీసుకెళ్లి పక్కన నాటాను. ఆ కాలు మీద కాలేసుకున్న మహానుభావుడు వాటిలోవాడే. వేరు కదిలితే చీలుతుందని అప్పుడూ చెప్పారు. ఇవాళ బుట్ట వంక చూసి ఒక్క మాట అనలేదు. అనేసినా బాగుండేది.

ఆ రెండు దుంపల్నీ తొక్కతో, తోకతో ఉడకేశాను. ముందే కోస్తే రంగంతా నీళ్లపాలు. అయినా కొంత దిగింది. ఆ నీళ్లు పారబోస్తుంటే అమ్మ గుర్తొచ్చింది. నాలుగో తరగతి నాటకంలో నాది గులాబీ వేషం. గులాబీరంగు గౌను లేదు. నా పాత తెల్లగౌనుని అమ్మ బీట్‌రూట్ నీళ్లలో రాత్రంతా నానేసింది. పొద్దున పిండుతుంటే ఎంత రంగనీ! కోసిన ముక్కతోనే పెదాలకీ బుగ్గలకీ రాసింది. స్టేజీ ఎక్కేలోపే చెమటకి మెడ చుట్టూ చారలు. ఒక్క ఉతుకుతో గౌను మాసిన గుడ్డలా తేలింది. అది నూలుబట్టకి అంటి నిలిచే రంగు కాదు. అమ్మకి తెలిసే ఉంటుంది, ఒక్క సాయంత్రం ఆగితే చాలనుకుందేమో. ఉడికిన ముక్కలన్నీ తమ్ముడు తిన్నాడు. మర్నాడు బాత్రూంలోంచి “అమ్మా, రక్తం!” అని ఒకటే ఏడుపు. నూటికి పది పద్నాలుగు మందికి అలా ఎర్రగా వస్తుందనీ, భయం లేదనీ పెద్దయ్యాక తెలిసింది. వాడు మాత్రం ఇప్పటికీ ముట్టడు.

ఎక్కడున్నాను? ఆకులు. మొదట్లో ఈ మొక్కని ఆకు కోసమే పెంచారు. రోమన్లకి వేరు మందు, మలబద్ధకానికి వాడేవారు. దుంప మోజు తర్వాత వచ్చింది. 1747లో మార్‌గ్రాఫ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త, చెరకులో ఉండే చక్కెరే బీట్‌లోనూ ఉందని తేల్చాడు. ఆకు వేయించి వడ్డిస్తూ ఇదంతా ఆయనకి గర్వంగా చెప్పాను. నాది పాతకాలపు పంట అన్నాను. కాడలు కరకరలాడుతూ బాగానే కుదిరాయి కూడా.

ఇప్పుడు రాస్తుంటే అదంతా సాకులా ఉంది. ఆకే కావాలంటే పాలకూర చల్లేదాన్నిగా.

ఇందాక మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్తే గట్టు మీద గ్లాసులో మిగిలిన బీట్‌రూట్ విత్తనాలు నానుతున్నాయి. అత్తయ్య పనే. నన్నడక్కుండా నా విత్తనాలు ముట్టుకోవడమేమిటని ఒళ్లు మండింది. నీళ్లు కాస్త తక్కువగా ఉంటే పోసి వచ్చాను.