తోక మీద కూర్చున్న మిగ్

మూడు నెలలుగా రాత్రిళ్లు కూర్చుని కడుతున్న మిగ్-21 యుద్ధవిమానం బొమ్మని (1/48, అంటే అసలుదానిలో నలభై ఎనిమిదో వంతు) నిన్న చక్రాల మీద నిలబెట్టా. నిలబడితేనా! ముక్కు గాల్లోకి లేచి, తోక మీద చతికిలబడింది. అతికించే ముందు ముక్కు శంకులో బరువు కోసం సీసపు గుండ్లు కూరాలి. డబ్బా మీద పెన్నుతో రాసుకుని మరీ మర్చిపోయా.

"మీ విమానం అలిగి కూర్చుందండీ" అంది మా ఆవిడ, కాఫీ పెడుతూ.

కాక్‌పిట్ మాత్రం భలే కుదిరింది. సోవియట్ విమానాల లోపలుండే ఆ నీలి ఆకుపచ్చ కోసం నాలుగుసార్లు రంగు కలిపా. సన్నటి బ్రష్షుతో, ఊపిరి బిగబట్టి, ఒక్కో డయలుకీ తెల్లచుక్క పెట్టా. మూత బిగిస్తే అవి ఎవరికీ కనపడవనుకోండి. రెక్కల మీద మన వాయుసేన చక్రాలు: బయట కాషాయం, నడుమ తెలుపు, మధ్యలో ఆకుపచ్చ. 1963లో వచ్చి 2025 సెప్టెంబరులో సెలవు తీసుకున్న విమానమిది. అసలుదాని రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 7.15 మీటర్లు, నాది జానెడు కూడా లేదు.

ఆదివారం సన్నరంపంతో ముక్కు కోయాలి. అతుకు కనపడకుండా రెండు గంటలు ఎమెరీ పేపరుతో రుద్దిన పనంతా గంగలో కలిసినట్టే.